కింది అంతస్తు కంప్యూటర్‌కు మీది అంతస్తు కంప్యూటర్ దొరకట్లేదా?

హన్మకొండలో గానీ వరంగల్‌లో గానీ కింద ఒక కంప్యూటర్, మీద ఒకటి ఉన్న ఇళ్లలో ఫైళ్లు షేర్ కాకపోతే ముందు షేరింగ్ సెట్టింగులే కెలుకుతారు. వాటి జోలికి తర్వాత వెళ్లొచ్చు. ముందు రెండింట్లోనూ విండోస్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ipconfig అని కొట్టి, ఐపీవీ4 అడ్రస్ చూడండి.

కిందిది 192.168.1.5, మీదిది 192.168.0.7 ఉంటే (మూడో సంఖ్య వేరు)
మీద పెట్టిన రెండో రౌటర్ సొంత నెట్‌వర్క్ నడుపుతోంది. దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (కింది నెట్‌వర్క్‌నే మీదికి అందించే మోడ్) మార్చండి. ఆ మోడ్ లేకపోతే దాని అడ్రస్ 192.168.1.250 చేసి (అది ఇంకెవరికీ లేకుండా చూసుకొని), డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు అడ్రస్‌లు పంచే పని) ఆపి, కిందినుంచి వచ్చే కేబుల్‌ను వాన్ (WAN) పోర్టులోంచి తీసి లాన్ (LAN) పోర్టులో గుచ్చండి.

అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ రాలేదు. కేబుల్ చూడండి. రౌటర్ లేకుండా నేరుగా కేబుల్ వేసుకుంటే అలా రావడం మామూలే; 192.168.10.1, 192.168.10.2 మనమే ఇచ్చి, సబ్‌నెట్ మాస్క్ అన్నచోట 255.255.255.0 పెడితే నిలకడగా ఉంటుంది.

అడ్రస్‌ల మొదటి మూడు సంఖ్యలు కలిసినా కనబడకపోతే
విండోస్ మీ ఇంటి నెట్‌వర్క్‌ను పబ్లిక్ (బయటి నెట్‌వర్క్) అనుకుంటూ ఉండొచ్చు. రెండింట్లోనూ ప్రైవేట్ చేసి, నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ షేరింగ్ ఆన్ చేయండి. వైఫై అయితే గెస్ట్ నెట్‌వర్క్‌లో (వచ్చినోళ్లకు వేరుగా ఇచ్చే వైఫై) లేరు కదా అని కూడా చూడండి. నెట్‌వర్క్ జాబితాను మాత్రం నమ్మకండి. రన్ పెట్టెలో (విండోస్ కీ, R కలిపి నొక్కితే వస్తుంది) అవతలి కంప్యూటర్ అడ్రస్‌ను \\192.168.1.5 లాగ కొట్టండి, తెరుచుకుంటే పని అయినట్టే.

పాస్‌వర్డ్ అడిగి, ఏది కొట్టినా తప్పంటే
ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. రోజూ కొట్టే పిన్ ఆ కంప్యూటర్ వరకే, నెట్‌వర్క్‌లో చెల్లదు. పాస్‌వర్డ్ లేని అకౌంట్‌నూ విండోస్ రానివ్వదు. ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో పాస్‌వర్డ్‌తో కొత్త లోకల్ యూజర్‌ను చేసి, ఆ పేరుకు షేరింగ్, సెక్యూరిటీ ట్యాబులు రెండింట్లోనూ అనుమతి ఇవ్వండి. ఒకచోట పూర్తి అనుమతి ఇచ్చి రెండోచోట చదవడం వరకే ఇస్తే, చదవడం వరకే అవుతుంది.

కరెంటు పోయి వచ్చినంక దొరకకపోతే
రౌటర్ కొత్త అడ్రస్ ఇచ్చి ఉంటుంది. రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కు అడ్రస్ రిజర్వ్ చేయండి, ఎప్పుడూ అదే వస్తుంది.

కేబుల్ మీద కూడా ఫైలు కాపీ వేగం సెకనుకు 11 ఎంబీ (మెగాబైట్లు) దాటకపోతే
లింకు 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు; 8 బిట్లు ఒక బైట్) దగ్గర ఆగింది. దానికి రెండు జతల తీగలు చాలు, దానికి పదింతలైన గిగాబిట్‌కు నాలుగు జతలూ కలవాలి. కేబుల్ చివరి కనెక్టర్‌ను మళ్లీ క్రింప్ చేయించండి (బిగించండి). రౌటర్ పోర్టులే 100వి అయితే కేబుల్ మార్చినా లాభం లేదు.