తుపాను ముందు మరబోటును ఏటిలో లంగరు వేసి నిలపడం: తీసుకోవలసిన జాగ్రత్తలు

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఆంధ్ర తీరానికి తుపాన్ల కాలం. తీరం దాటడానికి రెండు రోజుల ముందే వాతావరణ శాఖ హెచ్చరిస్తున్నందున వేటకు వెళ్లిన బోట్లు వెనక్కి రాగలుగుతున్నాయి గాని, వచ్చిన తరువాత వాటిని ఎక్కడ, ఎలా నిలపాలన్న విషయంలోనే తొందరపాటు కనిపిస్తుంది.

జెట్టీకి పక్కవాటుగా కట్టిన బోటు ఎటూ కదలలేదు. ఉప్పెనకు నీరు రెండు మీటర్లు లేస్తే బిగించిన మోకు తెగుతుంది, లేదా బోటు జెట్టీ మీదికెక్కి కూర్చుంటుంది. ఏటి మొగకు (ఏరు సముద్రంలో కలిసే చోటుకు) బాగా లోపల, మడ చెట్ల చాటున, అణియం (బోటు ముందు భాగం) వైపు మాత్రమే లంగరు మోకు కట్టి వదిలిన బోటు మాత్రం గాలి మళ్లినప్పుడల్లా తానూ మళ్లి, గాలికి తల ఎదురుపెట్టి నిలుస్తుంది. అమరం (వెనుక భాగం) వైపు కూడా ఒక తాడు కడితే ధైర్యమని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది పొరపాటు. అలా కట్టిన బోటు తిరగలేక, పక్క మొత్తాన్నీ గాలికి అప్పగిస్తుంది.

తుపాను గాలి ఒకే దిక్కు నుంచి వీయదు. తుపాను మనకు దక్షిణాన తీరం దాటితే ఈశాన్యంలో మొదలైన గాలి తూర్పుకు, ఆగ్నేయానికి మళ్లుతుంది. ఉత్తరాన దాటితే ఉత్తరం మీదుగా పడమరకు తిరుగుతుంది. కాబట్టి ఈశాన్యపు చాటు ఒక్కటే చూసుకుని స్థలం ఎంచుకోకూడదు. మోకు పొడవు, బోటు పొడవు కలిపితే ఎంతో, అంత దూరం లంగరు చుట్టూ ఖాళీ ఉండాలి. ఏరు సన్ననిదైతే పైకొక లంగరు, దిగువకొక లంగరు వేసి, రెండు మోకులనూ అణియానికే తెచ్చి కడితే బోటు తిరిగే మేర తగ్గుతుంది.

మోకు పొడవు దగ్గర పొదుపు పనికిరాదు. ఏటి లోతు మూడు మీటర్లు, ఉప్పెనకు పెరగగల నీరు రెండు, నీటి నుంచి అణియం ఎత్తు ఒకటిన్నర అనుకుంటే మొత్తం ఆరున్నర. దానికి ఏడు రెట్లు, అంటే సుమారు నలభై ఐదు మీటర్ల మోకు వదలాలి. పొట్టి మోకు లంగరును పైకి లాగి పెకలిస్తుంది. పొడుగు మోకు అడ్డంగా లాగి ఒండ్రులోకి దింపుతుంది. లంగరుకూ మోకుకూ నడుమ అయిదారు మీటర్ల గొలుసు వేసి, వాటిని కలిపే ఇనుప కొలికి (షాకిల్) బోల్టు ఊడకుండా తీగతో కట్టాలి. నీటి మీద తేలే ప్లాస్టిక్ తాడు ఎండకు పెళుసెక్కుతుంది. సాగి కుదుపును తీసుకునే నైలాన్ మోకే ఇక్కడ తగినది. లంగరు వేశాక ఇంజనును వెనక్కి నడిపి, ఒడ్డున ఒకే వరుసలో కనిపించే రెండు చెట్లను గురుతు పెట్టుకుని, బోటు జారుతోందో లేదో చూడాలి.

అయినా లంగరు కంటే ముందు ఓడిపోయేది అణియం అంచున మోకు రాసుకునే ఆ జానెడు మేరే. ఒకసారి తుపాను మరునాడు వెళ్లి చూస్తే లంగరు వేసినచోటే ఉంది. అర కిలోమీటరు దిగువన, ఒండ్రులో ఒరిగిన బోటు అణియం నుంచి మోకు కొస కొబ్బరి పీచులా విడిపోయి వేలాడుతోంది. అంచుకు తగిలే చోట పాత ఫైర్ హోస్ ముక్కను మోకుకు తొడిగి, అది జారిపోకుండా రెండు కొసలా సన్నతాడుతో కుట్టాలి. గోనెపట్టా గంటల్లో చిరిగిపోతుంది. మోకును పలకకు కొట్టిన కొక్కేనికి కాక, బోటు పక్కటెముకలకు బోల్టులతో పట్టించిన గుంజకే కట్టాలి.

గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది కనుక వలలు, టార్పాలిన్లు, జెండాలు దించి ఒడ్డుకు చేర్చాలి. గ్యాస్ సిలిండరు తీసివేయాలి, వాన నీరు దిగకుండా మూతలు బిగించాలి.

సరంగు (బోటు నడిపేవాడు)తో సహా ఎవరూ బోటులో ఉండకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పటిలా తుపాను కన్ను, అంటే దాని నడిమి ప్రశాంత భాగం, మన మీదుగా వెళితే, గాలి ఒక్కసారిగా నిలిచిపోతుంది. మోకు సరిచూసి వద్దామనిపించేది అప్పుడే. కాసేపటికి అదే గాలి అంతే ఉధృతంగా ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. వాతావరణ శాఖ తుపాను దాటిపోయిందని చెప్పేదాకా ఏటి వైపు వెళ్లకూడదు.