దుమ్ము పడుతుందని తలుపులు మూయకండి: కొత్తగా ట్యాంకులు, యుద్ధ విమానాల మోడల్స్ కట్టేవాళ్లకు జాగ్రత్తలు

పోయిన నెల నాకు తెలిసిన ఓ కుర్రాడు తన గదిలో కళ్లు తిరిగి పడిపోయాడు. అతను కట్టిన మొదటి కిట్ 1/35 స్కేలు టీ-34, రెండో ప్రపంచ యుద్ధపు సోవియట్ ట్యాంకు. ఆ రోజు ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే పూత, కొట్టాలి. తడి రంగు మీద దుమ్ము వాలకూడదని కిటికీ మూశాడు, ఫ్యాన్ ఆపాడు, తలుపు కింద సందులో తువ్వాలు కూడా దోపాడు. ట్యాంకు అయ్యాక స్ప్రే డబ్బాలో ఇంకా మిగిలింది కదా అని చక్రాలు కొట్టాడు, తర్వాత ట్రాకులు, ఆ తర్వాత సిబ్బంది బొమ్మలు. మొత్తం ముప్పావుగంట. కుర్చీలోంచి లేవబోయి ముందుకు తూలాడు. బల్ల అంచు తగిలి నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. చప్పుడు విని వాళ్లమ్మగారు పరుగెత్తుకొచ్చి తలుపు నెడితే, ఆ తువ్వాలు అడ్డుపడి వెంటనే తెరుచుకోలేదట.

చూడ్డానికి వెళ్తే కట్టుతోనే నవ్వుతూ, "అన్నా, ట్యాంకు మీద మాత్రం ఒక్క నలుసు కూడా పడలేదు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఇదే పని నేనూ చేశాను. నాకు తెలిసిన మోడలర్లలో చేయనివాళ్లు తక్కువ.

కత్తి తెగుతుందనీ, జిగురు అంటుకుంటుందనీ, పిల్లలకు అందనివ్వకూడదనీ పెట్టె మీదే ఉంటుంది, అవి మళ్లీ రాయను. ఏ కిట్‌తో మొదలుపెట్టాలనేదీ పెద్ద ప్రశ్న కాదు. ముక్కలు తక్కువున్నది, మీకు నచ్చిన బండో విమానమో తీసుకోండి. అసలు ప్రమాదం కట్టడం అయిపోయి రంగు దగ్గరికి వచ్చినప్పుడు మొదలవుతుంది. అప్పటికి చేయి తిరిగి ఉంటుంది, ధైర్యం వచ్చి ఉంటుంది, రంగు పాడైపోతుందేమోనన్న టెన్షన్ మాత్రం కొత్తగా పట్టుకుంటుంది. ఆ టెన్షన్‌లోనే తలుపులు మూస్తారు.

రంగు కొట్టే గది

స్ప్రే డబ్బా ప్రైమర్లు, ల్యాకర్ రంగులు ఆరడమంటే వాటిలోని ద్రావకం గాల్లోకి పోవడమే. గది మూసి ఉంటే ఆ గాలిని పీల్చేది మీరే. డబ్బాలో రంగును బయటికి తోసే గ్యాసు సాధారణంగా ప్రొపేన్, బ్యూటేన్ లాంటిది. అది మండుతుంది, పైగా గాలికన్నా బరువు. పైకి తేలి పోదు, నేల మీద పరుచుకుంటుంది. గది మూలలో ఎక్కడో కొవ్వొత్తి వెలుగుతోందంటే అది దూరంగా ఉన్నట్టు కాదు.

"వాసన పెద్దగా లేదు, పర్లేదు" అనే మాట నమ్మకండి. ముక్కు కొద్ది నిమిషాల్లోనే వాసనకి అలవాటు పడిపోతుంది. మొదట గుప్పుమన్నది పది నిమిషాల తర్వాత తెలియడం లేదంటే గాలి బాగుపడిందని కాదు, ముక్కు మానేసిందని. బయటికెళ్లి ఓ ఐదు నిమిషాలు నిలబడి మళ్లీ గదిలోకి రండి, అప్పుడు తెలుస్తుంది.

మాస్కు పెట్టుకున్నానంటారు చాలామంది. ఏ మాస్కు? గుడ్డ మాస్కు, మామూలు దుమ్ము మాస్కు రంగు తుంపరల్లో కొన్నిటిని ఆపుతాయేమో గానీ థిన్నర్ ఆవిరిని ఆపలేవు. ఆవిరి ఆగాలంటే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌లు (ద్రావకాల ఆవిరిని పీల్చుకునే డబ్బీలు), వాటి ముందు తుంపరలు పట్టే ఫిల్టరు ఉన్న రెస్పిరేటర్ కావాలి. ఆ కార్ట్రిడ్జ్‌లను పని లేనప్పుడు బల్ల మీద వదిలేస్తే గాల్లో ఉన్నదాన్ని పీల్చుకుంటూనే ఉంటాయి, అవసరమయ్యే నాటికి నిండిపోతాయి. గాలి చొరని జిప్ కవర్లో పెట్టండి. మాస్కు లోపలికి రంగు వాసన వస్తే కార్ట్రిడ్జ్ అయిపోయినట్టో, మాస్కు ముఖానికి సరిగ్గా అతకనట్టో. గడ్డం పెంచినవాళ్లకు అది అతకదు. నేను గడ్డం తీసేశాను, ఇంట్లోవాళ్లు ఇప్పటికీ వెక్కిరిస్తారు.

రెస్పిరేటర్ ఉంది కదా అని తలుపు మూయడం కూడా అదే తప్పు. మీరు స్ప్రే ఆపి మాస్కు తీస్తారు, రంగు ఆరుతూనే ఉంటుంది. ఆ గదిలోనే రాత్రి పడుకుంటారు కూడా. అలా చేయకండి.

ఇక "నావి అక్రిలిక్ రంగులు" అనేవాళ్లు. వయ్యేహో (Vallejo) కంపెనీ రంగుల్లాంటివి నీళ్లతో కలిసేవి, సరే. టామియా కంపెనీ అక్రిలిక్‌లలో ఆల్కహాల్ ఉంటుంది. బాగా పరుచుకుంటాయని చాలామంది వాటిని ల్యాకర్ థిన్నర్‌తో పలచన చేస్తారు. అప్పుడు సీసా మీద అక్రిలిక్ అని రాసి ఉన్నా మీరు పీల్చేది ల్యాకర్ థిన్నరే. నీళ్ల రంగైనా సరే, ఎయిర్ బ్రష్‌లోంచి (గాలితో రంగు చిమ్మే పెన్నులాంటి పనిముట్టు) పొగమంచులా వచ్చినప్పుడు ఊపిరితిత్తుల్లోకి వెళ్లాల్సిన వస్తువు కాదు.

మరి దుమ్ము సంగతి? దానికి దారులున్నాయి, తలుపు మూయడం వాటిలో లేదు. కొట్టడానికి గంట ముందు నేల తడిగుడ్డతో తుడవండి. ఉన్ని బట్టలు, నూగు రాలే బట్టలు వేసుకోకండి. మోడల్‌ని ముందురోజే సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి, చేతి జిడ్డు, మోల్డు నుంచి వచ్చిన నూనె కూడా పోతాయి. కొట్టడం అవగానే మోడల్ మీద ఓ ప్లాస్టిక్ డబ్బా బోర్లించండి, కింద రెండు స్ప్రూ ముక్కలు (కిట్‌లో భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం ముక్కలు) పెట్టి కొంచెం సందు ఉంచండి. దుమ్ము డబ్బా మీద పడుతుంది, ఆవిరి సందులోంచి పోతుంది, కిటికీ తెరిచే ఉంటుంది. నలుసు పడితేనేం, ఆరాక 2000 నంబరు శాండ్ పేపర్‌తో తడిపి రెండుసార్లు రుద్దితే పోతుంది. అయినా అది టీ-34, బురదలో తిరిగిన బండి.

స్ప్రే బూత్, అంటే రంగు తుంపరల్ని లాగేసే ఫ్యాను పెట్టె, కొంటే దాని గొట్టం కిటికీలోంచి బయటికి పోవాలి. గొట్టం పెట్టకుండా మెత్తటి ఫిల్టరు వెనకాల గాలి గదిలోకే వదిలేవాళ్లను చూశాను. ఆ ఫిల్టరు రంగు పొడిని పడుతుంది, ఆవిరిని గదిలోకి తిరిగి పంపుతుంది. పాత ఫ్యాన్‌తో సొంతంగా బూత్ కట్టుకునేవాళ్లు ఇంకోటి చూసుకోండి. లోపల కార్బన్ బ్రష్‌లున్న మోటార్లలో నిప్పురవ్వలు వస్తాయి. ఆవిరి నేరుగా అలాంటి మోటారు మీదుగా పోకూడదు.

కిటికీ లేని గదా? అయితే ఆ గదిలో స్ప్రే వద్దు. నీళ్ల అక్రిలిక్‌లు కొని కుంచెతో వేయండి. పలచగా రెండు మూడు పూతలు వేస్తే బ్రహ్మాండంగా వస్తుంది.

మోడలింగ్ వదిలేసినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. ఎవరూ చేతకాక వదల్లేదు. వాళ్లలో ఒకాయన ఏళ్ల తరబడి మూసిన గదిలో విమానాలకు రంగులేశాడు. ఇప్పుడు థిన్నర్ మూత తీస్తే చాలు, ఆయనకు తల పగిలిపోతుంది. అద్దాల బీరువా నిండా స్పిట్‌ఫైర్లున్నాయి, కొత్తది ఒక్కటీ చేరలేదు. ఎందుకు మూసేవారని అడిగితే దుమ్మండీ అన్నాడు.

కత్తి

టీ-34 ట్రాకుకు ఒక్కో వైపు 72 లింకులు. విడివిడి లింకుల కిట్ అయితే రెండు వైపులా కలిపి 144. 1/35లో ఒక్కో లింకు 14 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల పొడవు. దాన్ని స్ప్రూ నుంచి కోసి, మిగిలిన బొడిపెను కత్తితో చెక్కాలి. మొదటి ఇరవై ఒద్దికగా చేస్తారు. ఎనభయ్యోది వచ్చేసరికి రాత్రి పదకొండు, బ్లేడు మొద్దు, లింకును బొటనవేలికి ఆనించి వేలి వైపే తోస్తున్నారు. వేళ్లు తెగేది ఇక్కడే. మొద్దు బ్లేడుకు బలం ఎక్కువ పెట్టాలి, బలం పెట్టిన కత్తి జారితే ఆగదు. ఓ ముప్పై లింకులకోసారి బ్లేడు మార్చండి. ముక్కను కటింగ్ మ్యాట్ మీద ఆనించి కోయండి. మిగతావి రేపు.

గుండ్రటి పిడి కత్తి బల్ల మీద దొర్లుతుంది. పిడికి ఓ స్ప్రూ ముక్క టేపుతో అంటించండి, దొర్లదు. పడిపోతుంటే పట్టుకోబోకండి. కూర్చున్నప్పుడు ఒళ్లోంచి ఏదైనా జారితే మనం తెలియకుండానే తొడలు దగ్గరికి చేరుస్తాం. నేనూ చేర్చాను. ఈ కత్తికి పెట్టే మొనదేలిన 11వ నంబరు బ్లేడు ఎంత సన్నగా ఉంటుందంటే, దిగినప్పుడు నొప్పి తెలియలేదు, ప్యాంటు తడిస్తే తెలిసింది.

జిగురు, రెజిన్, మిగతావి

ప్లాస్టిక్ సిమెంట్ అంటించదు, ప్లాస్టిక్‌ను కరిగించి కలుపుతుంది. దాని ఆవిరికీ పై మాటే, కిటికీ. సీసా కిందపడకుండా వెడల్పాటి అట్టలో కన్నం చేసి నిలబెట్టండి. ఫొటో-ఎచ్‌కు (సన్నటి ఇత్తడి రేకు భాగాలు), రెజిన్ పోతపోసిన భాగాలకు సూపర్ గ్లూ వాడతారు. అది ఒలికితే దూదితోనో నూలు గుడ్డతోనో తుడవకండి. నూలు తగిలితే అది ఒక్కసారిగా వేడెక్కుతుంది, చర్మం కాలేంత వేడి. ఒంటి మీది నూలు బట్ట మీద పడినా అంతే. వేళ్లు అతుక్కుంటే లాగకండి, గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టండి. కంటి దగ్గరైతే సొంత వైద్యం వద్దు, డాక్టరు.

రెజిన్ ముక్కల్ని పొడిగా రుద్దకండి. తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, ఆ తడి పొడిని ఆరకముందే తుడిచి పారేయండి. త్రీడీ ప్రింటర్ రెజిన్ గట్టిపడకముందు ఒట్టి చేతులకు తగలకూడదు. ఒకసారి దానికి ఎలర్జీ వచ్చిందంటే తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లే. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. సైనికుల పాత లోహపు బొమ్మల్లో సీసం ఉండొచ్చు, వాటిని ఆకురాయితో రాసిన చేతులు కడగకుండా దేన్నీ ముట్టుకోకండి.

ఇక వరసగా రాసేస్తున్నా, ఒక్కొక్కదానికీ ఎందుకని అడగొద్దు.

- నిప్పర్‌తో (చిన్న కటింగ్ ప్లయర్) ఫొటో-ఎచ్ కోసేటప్పుడు కళ్లజోడు. చదివే కళ్లజోడైనా సరే, ఏదో ఒకటి.
- స్ప్రూను కొవ్వొత్తి మీద సాగదీసి యాంటెన్నా తీగలు చేసే రోజు సిమెంటు, థిన్నర్, స్ప్రే డబ్బా ఏవీ గదిలో ఉండకూడదు.
- చల్లబడిన స్ప్రే డబ్బాను గోరువెచ్చని నీళ్లలోనే పెట్టండి. పొయ్యి మీద, హీటరు మీద, మరిగే నీళ్లలో కాదు. 50 డిగ్రీలు దాటితే అది పేలే వస్తువు.
- కుంచె మొన నాలుకతో తిప్పొద్దు.
- కుంచె కడిగే గ్లాసు, తాగే గ్లాసు ఒకేలా ఉండకూడదు. ఒక్క బల్ల మీద అసలే ఉండకూడదు.
- లిన్సీడ్ నూనె ఉన్న ఆయిల్ రంగులు తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి బుట్టలో పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి బయట ఆరేయండి.
- టరెట్‌లో (ట్యాంకు మీద తిరిగే తల) పెట్టే చిన్న అయస్కాంతాలు లెక్కపెట్టి తీయండి, లెక్కపెట్టి దాచండి. పిల్లవాడు రెండు మింగితే అవి పేగుల గోడలకు అటూ ఇటూ అతుక్కుంటాయి. వెంటనే ఆసుపత్రి.
- పాత బ్లేడు చెత్తబుట్టలోకి కాదు. మూత ఉన్న డబ్బాలోకి.
- థిన్నర్‌ను తాగేనీళ్ల సీసాలో పోయొద్దు. ఒక్కరోజుకైనా వద్దు.
- ఎయిర్ బ్రష్ మొన వేలికి ఆనించి గాలి వదిలి చూడకండి.
- నిద్రొస్తుంటే కత్తి ముట్టొద్దు.
- ఫ్యాన్ ఆపొద్దు. వీపు వెనక నుంచి కిటికీ వైపు వీచేలా పెట్టండి.
- కిటికీ తెరవండి. ఒక్క ముక్కకైనా, ఒక్క నిమిషానికైనా, వాన పడుతున్నా, చలేస్తున్నా.
- తలుపు గడియ పెట్టొద్దు. తువ్వాలు దోపొద్దు.
- స్ప్రే చేస్తున్నామని ఇంట్లో ఒకరికి చెప్పండి.
- తల బరువెక్కినా, కడుపులో తిప్పినా ఈ ఒక్క పూత అవ్వనీ అనుకోకండి. ట్రిగ్గర్ వదలండి, ఎక్కడున్నది అక్కడ పెట్టి బయటికి నడవండి. ఎయిర్ బ్రష్‌లో రంగు గడ్డకడితే గడ్డకట్టనివ్వండి.