నాన్న తరాజుతో శరద్ విషువత్తు: డాబా మీద మాబన్ చేసుకునే పద్ధతి

మా నాన్నకు ఉప్పుగూడలో చిన్న కిరాణా కొట్టు ఉండేది. కొట్టు మూసేసిన రోజు అమ్మ గల్లా పెట్టె ఉంచుకుంది, తమ్ముడు గాజు సీసాలు పట్టుకెళ్లాడు, నేను ఇత్తడి పళ్లేల తరాజు తెచ్చుకున్నాను. ఏడాదంతా అది అటక మీదే ఉంటుంది. సెప్టెంబర్ 22నో 23నో ఒక్కరోజు కిందికి దించి, చింతపండుతో తోమి, కూకట్‌పల్లిలో మా బిల్డింగ్ డాబా మీదికి తీసుకెళ్తాను. ఆ రోజు శరద్ విషువత్తు, అంటే పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే రోజు. ప్రకృతినీ రుతువులనూ కొలిచే పాశ్చాత్య పేగన్లు దాన్ని మాబన్ అంటారు. మూడుసార్లు చేసుకున్నాక నాకు కుదిరిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఏడాదికి ఒక్కసారైనా తీరిగ్గా కూర్చుని తన లెక్క తాను చూసుకోవాలనుకునే వాళ్ల కోసం ఇది.

నాకు మాబన్ పరిచయమైంది ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో. ఉద్యోగం మీద రెండేళ్లు అక్కడున్నాను. పక్కింటి పెద్దావిడ సెప్టెంబర్‌లో ఒక సాయంత్రం పిలిచి, బల్ల మీద యాపిల్స్, ఓక్ కాయలు, గోధుమ గడ్డితో అల్లిన బొమ్మ పేర్చి, ఒక యాపిల్‌ను నిలువుగా కాకుండా అడ్డంగా కోసింది. మధ్యలో ఐదు మొనల నక్షత్రం కనిపించింది. నలభై ఏళ్లుగా యాపిల్స్ తింటూ దాన్ని ఒక్కసారీ చూడలేదు నేను.

పేరు గురించి ఒక మాట ముందే చెప్పాలి. మాబన్ అనేది వేల ఏళ్ల నాటి పండగ పేరు కాదు. 1970లలో ఏడన్ కెల్లీ అనే అమెరికన్ పెట్టిన పేరు. ఏడాదిలో ఎనిమిది పండగల చక్రం కూడా ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఇంగ్లండ్‌లో రూపం దిద్దుకున్నదే. కోతల పండగలు మాత్రం అక్కడ చాలా పాతవి. ఈ విషయం తెలిశాక నా గౌరవం తగ్గలేదు. చేసుకునేవాళ్లు మనసు పెట్టి చేసుకుంటే పండగకు వయసు అడగాల్సిన పని లేదని నా నమ్మకం.

ఆ పేరు వచ్చిన వెల్ష్ (వేల్స్ దేశపు) కథ మాత్రం నిజంగా పాతదే. మాబన్ అంటే కొడుకు, అతని తల్లి మోడ్రన్ అంటే తల్లి. పుట్టిన మూడో రాత్రే పిల్లాణ్ని తల్లి పక్కలోంచి ఎవరో ఎత్తుకుపోతారు. చాలాకాలం తర్వాత అతన్ని వెతుకుతూ వచ్చినవాళ్లు లోకంలోకెల్లా పాత ప్రాణులను ఒకదాని తర్వాత ఒకటి అడుగుతారు. మొదట ఒక నల్లపిట్ట. "నేను చిన్నపిల్లగా ఇక్కడికి వచ్చినప్పుడు కమ్మరి దాగలి ఉండేది. రోజూ సాయంత్రం ముక్కుతో గీకితే గీకితే ఇప్పుడు గింజంత కూడా మిగల్లేదు. అయినా నువ్వడిగినవాడి సంగతి వినలేదు" అంటుంది. తనకంటే పాతదైన దుప్పి దగ్గరికి పంపుతుంది. దుప్పి గుడ్లగూబ దగ్గరికి, గుడ్లగూబ గద్ద దగ్గరికి పంపుతాయి. గద్ద వాళ్లను సాల్మన్ చేప దగ్గరికి తీసుకెళ్తుంది. ఏటికి ఎదురీదుతూ గ్లోస్టర్ కోట గోడ దాకా వెళ్లే ఆ చేపకే అక్కడ జరుగుతున్న అన్యాయం తెలుసు. దాని భుజాల మీద ఎక్కి వెళ్తేగానీ మాబన్ దొరకడు. మనలో తప్పిపోయినదాన్ని వెతకడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. దీన్ని ఎలా వాడుకోవాలో కింద చెప్తాను.

ముందు సమయం. 2024లో విషువత్తు ఘడియ సెప్టెంబర్ 22 సాయంత్రం 6:14కి వచ్చింది, ఇంచుమించు మన సూర్యాస్తమయానికే. 2025లో 22వ తేదీ రాత్రి 11:49కి. 2026లో సెప్టెంబర్ 23, బుధవారం, తెల్లవారుజామున 5:35కి. పంచాంగంలో తులా సంక్రమణం అక్టోబర్ 17 ప్రాంతంలో కనిపిస్తే తప్పు అనుకోకండి. మన పంచాంగం నక్షత్రాలను బట్టి లెక్క కడుతుంది, విషువత్తును బట్టి కాదు. రెంటికీ ఇప్పుడు 24 డిగ్రీల తేడా ఉంది. విషువత్తును బట్టి కట్టే సాయన లెక్కలో సూర్యుడు తులలోకి వెళ్లేది సరిగ్గా ఈ రోజే. తుల అంటే తరాజే కదా. అటక మీద తరాజు నాకు గుర్తొచ్చింది అందుకే.

రెండు రోజుల ముందు సామాను తెచ్చుకోండి. అర కిలో పెసలు, ఒక యాపిల్, రెండు మొక్కజొన్న పొత్తులు, సీతాఫలాలు దిగి ఉంటే నాలుగు. మా ఇంటి దగ్గరి బండ్ల మీదికి అప్పటికి మహబూబ్‌నగర్ కాయ వస్తూ ఉంటుంది. తంగేడు, గునుగు పూలు ఎర్రగడ్డ రైతుబజార్‌లో అడిగి చూడండి. బతుకమ్మ దగ్గర పడితేనే దండిగా వస్తాయి. 2025లో విషువత్తు నాడే అటుకుల బతుకమ్మ కావడంతో మార్కెట్ నిండా పూలే. 2026లో అధిక మాసం వల్ల బతుకమ్మ అక్టోబర్‌లోకి జరిగింది కాబట్టి బంతిపూలతో సరిపెట్టుకోవచ్చు. గోధుమ బొమ్మ కోసం వెతక్కండి. పిచ్చుకల కోసం ఇళ్ల ముందు వేలాడదీసే వరి కంకుల కుచ్చు దానికి ఏమాత్రం తీసిపోదు. అక్కడిది గోధుమలు, యాపిల్స్ ఇంటికి చేరే కాలం. మనకు వరి ఇంకా పొలంలోనే ఉంటుంది, పెసలు చేతికొచ్చి ఉంటాయి, మొక్కజొన్న వస్తూ ఉంటుంది. పెసలు తూచడానికి కారణం అదే. మన నేల ఆ నెలలో ఇచ్చిందేదో అదే పీట మీద పెట్టాలని నా పట్టుదల.

డాబా తాళం ముందురోజే వాచ్‌మన్ దగ్గర తీసుకోండి. తెల్లవారి ఐదింటికి అడిగితే ఎవరికైనా ఇబ్బందే.

2026కైతే 23న ఐదింటికి లేచి స్నానం చేసి పైకి వెళ్లండి. తూర్పు వైపు చాప, ముందు పీట, పీట మీద పళ్లు, కంకులు, పూలు. పక్కింటావిడ కొవ్వొత్తులు వెలిగించేది. డాబా గాలికి నువ్వుల నూనె ప్రమిద, చుట్టూ మట్టి మూకుడు అడ్డం పెడితే బాగా నిలుస్తుంది. తర్వాత చాప చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిరగండి. పేగన్లు దీన్ని వలయం వేయడం అంటారు, సూర్యుడు నడిచే వైపే తిరుగుతారు. మన ప్రదక్షిణ కూడా అటే, కాబట్టి కాలికి కొత్తగా ఏమీ అనిపించదు.

దిక్కుల దగ్గర మాత్రం తేడా ఉంది. వాళ్లకు తూర్పు గాలి, దక్షిణం నిప్పు, పడమర నీరు, ఉత్తరం నేల. మనకు నిప్పు ఆగ్నేయంలో, గాలి వాయవ్యంలో, నీరు ఈశాన్యంలో, నేల నైరుతిలో. మొదటి ఏడు నేను రెండూ కలిపి గందరగోళపడ్డాను. ఇప్పుడు వాళ్ల క్రతువు చేస్తున్నప్పుడు వాళ్ల దిక్కులే పాటిస్తున్నాను. బ్రిటన్‌కు పడమటంతా సముద్రమే. నీటిని అటు తలుచుకోవడంలో అర్థముంది. మీకు మన దిక్కులే మనసుకు పడితే అవే ఉంచుకోండి, రెండూ మాత్రం కలపొద్దు.

5:35కి ఏమీ మాట్లాడకుండా కూర్చోండి, అంతే. ఇంకా చీకటిగానే ఉంటుంది. 6:05 ప్రాంతంలో సూర్యుడు నిఖార్సైన తూర్పున వస్తాడు. అలా వచ్చేది ఏడాదిలో రెండుసార్లే. మబ్బు పట్టిందని నిరాశపడకండి, మనకు సెప్టెంబర్ అంటే ఇంకా వానాకాలమే.

ఈ అరగంటలోనే మాబన్ కథను వాడుకోవాలి. ఒక్క ప్రశ్న పట్టుకోండి, ఉదాహరణకు "నేను దేన్ని పోగొట్టుకున్నాను?" అని. దాన్ని ఐదుసార్లు, ప్రతిసారీ ఇంకా వెనక్కి వెళ్లి అడగండి. మొదట ఈ ఏడాది మనిషిని, అంటే ఇప్పటి మిమ్మల్ని. తర్వాత పదేళ్ల కిందటి మిమ్మల్ని. తర్వాత కాలేజీ రోజుల్లోని మిమ్మల్ని. తర్వాత పదేళ్ల పిల్లను. చివరికి మీకు గుర్తున్న మొట్టమొదటి జ్ఞాపకాన్ని. ప్రతి ఒక్కరి జవాబూ ఒక వాక్యం నోటుబుక్‌లో రాయండి. ఫోన్ వద్దు. మొదట అడిగినవాళ్లకు తెలియకపోయినా పర్వాలేదు, పిట్టకూ తెలియలేదు కదా. నా సంగతి చెప్పాలంటే జవాబు ఎప్పుడూ ఐదోదాని దగ్గరే దొరికింది. బియ్యం బస్తా మీద కూర్చుని నాన్న లెక్కలు గట్టిగా చదువుతుంటే విన్న జ్ఞాపకం అది. నేను పాడటం మానేశానని అప్పుడుగానీ నాకు తట్టలేదు. కొట్లో నేను పాడుతూ ఉండేదాన్ని.

మధ్యాహ్నం పని పిల్లలతో చేస్తే ఇంకా బాగుంటుంది. ఒక మీటరు కర్రను ఇసుక బకెట్‌లో నిటారుగా నిలబెట్టండి. తొమ్మిది నుంచి మూడు దాకా అరగంటకోసారి నీడ కొసను చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి. మిగతా రోజుల్లో ఆ చుక్కలు వంపు తిరుగుతాయి. విషువత్తు నాడు ఒకే తిన్నని గీత మీదికి వస్తాయి. దారం పట్టి చూడండి, ఆ గీతే అసలైన తూర్పు పడమరలు. హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి చేరేది ఆ రోజు 12:08 ప్రాంతంలో. అప్పుడు నీడ సుమారు 31 సెంటీమీటర్లు. ఆగస్టు మొదట్లో నీడే లేని రోజు ఉంటుంది మనకు. ఆ సున్నా నుంచి ఇంత పెరిగిందన్నమాట.

పగలూ రాత్రీ సమానం అంటారుగానీ ఆ రోజు మన దగ్గర పగలు పన్నెండు గంటల కంటే ఇంకా ఏడు నిమిషాలు ఎక్కువే. సూర్యుడి పై అంచు కనిపించగానే ఉదయం అంటాం, గాలి పొర వెలుగును వంచి ఇంకాస్త ముందే చూపిస్తుంది. అసలు సమానం కావడానికి ఇంకో వారం పడుతుంది. రోజుకు ఒక నిమిషం చొప్పున చీకటి గెలుస్తూ ఉంటుంది. నాన్న మాట గుర్తొస్తుంది నాకు. "ముల్లు నిలబడేదాక ఆగు బిడ్డా, తొందరపడితే తూకం అబద్ధం చెప్తది."

తూకం సాయంత్రం వేయాలి, ఆరు దాటి సూర్యుడు దిగుతుండగా. ఇది నేను కలుపుకున్నది, వాళ్ల క్రతువులో లేదు. తరాజును బట్టలారేసే కడ్డీకి కొక్కెంతో వేలాడదీస్తాను. తరాజు లేకపోతే రెండు ఒకే రకం గిన్నెలు చాలు, ఎత్తు చూసి పోల్చుకోవచ్చు. ఎడమ పళ్లెం ఈ ఏడాది చేతికొచ్చినవాటికి, కుడి పళ్లెం చేజారినవాటికి. ఒక్కోదాని పేరు పైకి చెప్తూ, దాని బరువు మీకెంత అనిపిస్తే అన్ని పెసలు వేయండి. చిటికెడు కావచ్చు, గుప్పెడు కావచ్చు. పేరు లోపల అనుకుంటే కుదరదు, నోటితో అనాలి. అనబోతే గొంతు ఆగిపోయేవి ఉంటాయి. వాటి కోసమే ఈ పని.

2024లో నాన్న పోయిన ఐదో నెల. కుడి పళ్లెంలో గ్లాసు నిండా పోశాను, పళ్లెం గచ్చును తాకింది. ఎడమ వైపు అమ్మ ఆరోగ్యం, కూతురి ర్యాంకు, అప్పు తీరడం అన్నీ వేశాను. లేవలేదు. కుడి వైపు నుంచి నాలుగు గింజలు తీసేద్దామని చెయ్యి వెళ్లింది. తీయలేదు. కొట్లో దొంగ తూకం ఏనాడూ లేదు. ముల్లు ఎటు మొగ్గితే అటే ఉండనిచ్చి నోటుబుక్‌లో అలాగే రాసుకోండి.

తూకం అయ్యాక చిన్న కాగితం మీద ఒక్కటంటే ఒక్కటి, ఇక మొయ్యనక్కర్లేనిది రాయండి. కొందరు కాలుస్తారు. అపార్ట్‌మెంట్ డాబా మీద, పక్కన బట్టలు ఆరేసి ఉండగా అది వద్దు. పూలకుండీలో వేలెడు లోతున పాతిపెట్టి, కుడి పళ్లెంలోంచి నాలుగు పెసలు దాని మీద చల్లి నీళ్లు పోయండి. తర్వాత యాపిల్ అడ్డంగా కోసి, నక్షత్రం చూసుకుని, ఒక సగం ఇంట్లోవాళ్లతో పంచుకోండి, ఒక సగం పక్షులకు పెట్టండి. వరి కుచ్చు బాల్కనీలో కట్టేయండి.

"మతం మారావా" అని మా పెద్దత్త అడిగింది. కంకులు, దీపం, పళ్లు చూపించి, "కూర్చో అత్తా, నువ్వూ ఒక గుప్పెడు వెయ్యి" అన్నాను. కూర్చుంది. కుడి వైపు వేసి, పేరు చెప్పడానికి చాలాసేపు పట్టింది ఆమెకు. ఎవరైనా అలా ఆగితే మీరు నోరు విప్పకండి, నీళ్లు కూడా ఇవ్వబోకండి, పక్కన ఉండండి.

రెండు పళ్లేల పెసలూ ఒకే గిన్నెలో కలిపి రాత్రి నానబోయండి. పొద్దున పెసరట్లు. కుండీలో మొలకలు నాలుగైదు రోజుల్లో వస్తాయి, రోజూ నీళ్లు మర్చిపోకండి. నోటుబుక్‌ను మళ్లీ తెరవాల్సింది మార్చి 20నో 21నో, వసంత విషువత్తుకు. క్యాలెండర్‌లో ఇప్పుడే గుర్తు పెట్టుకోండి.