కీమో మొదలయ్యే ముందు అన్నిటికంటే జ్వరం సంగతి తెలుసుకోండి

వాంతుల గురించి, జుట్టు ఊడడం గురించి చుట్టాలందరూ చెబుతారు. గుంటూరులో క్యాన్సర్‌కి కీమో (కీమోథెరపీ మందులు) చేయించుకుంటున్న మనిషిగా నేను మాత్రం కొత్తవాళ్లకు ముందు చెప్పేది జ్వరం గురించే.

మందు ఎక్కించాక సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు చిన్న ఇన్ఫెక్షన్ కూడా గంటల్లో ప్రాణం మీదకు తేవచ్చు. థర్మామీటర్‌లో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ కనిపించిందంటే ఎమర్జెన్సీయే. పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. డాక్టర్‌ని అడక్కుండా పారాసిటమాల్ వేసుకోవద్దు. ఒళ్లు చల్లబడుతుంది కానీ ఇన్ఫెక్షన్ లోపల అలాగే ఉంటుంది. అందుకే మొదటి డోసుకు ముందే థర్మామీటర్ కొనండి, రాత్రిపూట కూడా ఎత్తే హాస్పిటల్ నంబర్ అడిగి రాసుకోండి. తెనాలి, పొన్నూరు వైపు నుంచి వచ్చేవాళ్లు అర్ధరాత్రి ఎవరి బండిలో బయల్దేరాలో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. ఇది భయపెట్టడానికి కాదు, ఆ వేళ టెన్షన్ పడకుండా ఉండడానికి.

పుచ్చు పళ్లుంటే ముందే చూపించుకోండి. హెపటైటిస్ బి పరీక్ష అయిందో లేదో అడగండి. బీపీ, షుగర్ మాత్రలతో పాటు ఎవరో ఇచ్చిన ఆకు పసరు, నాటు మందు వాడుతుంటే అదీ డాక్టర్‌కి చెప్పాలి. తిడతారని దాచకండి. ఎన్టీఆర్ వైద్యసేవ (ఏపీ ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) కింద చేయించుకునేవాళ్లు అప్రూవల్ సంగతి ముందే తేల్చుకోండి.

తిండి విషయంలో మనవాళ్లకు కష్టమే. నోరు పూస్తే ఆవకాయ, గొంగూర పచ్చడి నిప్పులా మండుతాయి. పెరుగన్నం, మెత్తటి పప్పన్నం తినండి, ఉప్పునీళ్లతో పుక్కిలించండి, మెత్తటి బ్రష్ వాడండి. బండి మీద కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు, చెరుకురసం, పానీపూరీ వద్దు. నీళ్లు కాచి చల్లార్చి తాగండి. ఎండాకాలంలో ఇంకొంచెం ఎక్కువే తాగాలి. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకునేవాళ్లు మాత్రం ఆ తర్వాత కొన్ని రోజులు ఫ్రిజ్ నీళ్లు ముట్టకూడదు. వేళ్లు, గొంతు జివ్వుమంటాయి. మే నెల ఎండలో ఇది నిజంగా పరీక్షే.

సెలైన్ ఎక్కుతుండగా సూది దగ్గర మంట, వాపు వస్తే మొహమాటపడకుండా వెంటనే నర్సును పిలవండి. కొన్ని మందులు నరం బయటికి కారితే కండను పాడుచేస్తాయి. ఎర్ర మందు (డాక్సోరుబిసిన్ లాంటివి) ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తే కంగారుపడకండి, అది మందు రంగే. ఏ కీమో మందు ఎక్కించాకైనా 48 గంటల పాటు బాత్రూంలో కమోడ్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయండి. మీ బట్టలు ఉతికేవాళ్లకు చేతి తొడుగులు ఇవ్వండి.