చలికాలపు పండుగ తోట: పువ్వులు ఆఖరున కొనండి

డిసెంబరు వచ్చేసరికి మా నర్సరీలో అందరి నోటా ఒకటే మాట. "ఎర్రగా, నిండుగా ఉండేది ఏదైనా ఇవ్వండి, క్రిస్మస్ పండక్కి గుమ్మం ముందు పెట్టుకుంటాం." ఇవ్వడానికేం, ఎదురుగానే పాయిన్‌సెట్టియాలు బారులు తీరి ఉంటాయి. కానీ అది మెక్సికో మొక్క. 10, 12 డిగ్రీల సెల్సియస్ కంటే చలి ముదిరితే ఆకులు వేలాడేసి రాల్చేస్తుంది. అందుకే బిల్లు కొట్టేముందు "ఇంట్లోకా, బయటికా?" అని అడుగుతాను. బయటికి అన్నవాళ్ళకు నేను చెప్పే మాటలే ఇవి. రాత్రిళ్ళు నీళ్ళు గడ్డకట్టే చోట్ల ఉండేవాళ్ళకు పనికొస్తాయి.

మొక్కలు చూడకముందే ఒక సాయంత్రం మీ కిటికీ దగ్గర నిలబడి చూడండి. చలికాలంలో తోటలోకి ఎవరూ వెళ్ళరు. చూసేదంతా రెండు చోట్ల నుంచే: కూర్చునే గదిలోని కిటికీ, గేటు నుంచి గుమ్మందాకా నడిచే దారి. ఆ రెండింటికీ కనిపించని మూల ఎంత ఖరీదైన మొక్క పెట్టినా దండగే. కిటికీ నుంచి దూరంగా కనబడేచోట ఆకారమూ రంగూ ఉన్నవి కావాలి. దారి పక్కన అయితే వాసన ఉన్నవి, దగ్గరికి వంగి చూడదగ్గ చిన్నవి.

ఆ తర్వాత చలి లెక్క. ఎక్కడ ఎంత చలి పడుతుందో చూపే మ్యాపు అమెరికాలో వ్యవసాయ శాఖ వాళ్ళది ఉంది, అందులో 13 జోన్లు ఉంటాయి, ఒక్కో జోనుకు 10 డిగ్రీల ఫారన్‌హీట్ తేడా. దాన్ని 2023లో సవరించారు, కాబట్టి పాత జోను నంబరు గుర్తుపెట్టుకున్నవాళ్ళు మళ్ళీ ఒకసారి చూసుకోండి. బ్రిటన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వాళ్ళది హెచ్1 నుంచి హెచ్7 దాకా ఉండే వరస. హెచ్7 అంటే మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువ చలిని కూడా తట్టుకునేది. లేబుల్ మీద ఈ రెంటిలో ఏదో ఒకటి ఉంటుంది. అయితే ఆ అంకె నేలలో నాటిన మొక్కది. కుండీలో వేర్ల చుట్టూ నేల కాపు ఉండదు, చలి నాలుగు వైపుల నుంచీ తగులుతుంది. పైగా వేర్లు కొమ్మలంత మొండివి కావు. అందుకని కుండీకి కొనేటప్పుడు మీ జోను కంటే రెండు జోన్ల ఎక్కువ చలిని ఓర్చేది తీసుకోమంటాను.

కాయలు కావాలంటే ముందు ఆడా మగా తేల్చుకోండి

క్రిస్మస్ అలంకరణల్లో కనిపించే ముళ్ళ ఆకుల, ఎర్ర కాయల చెట్టు హోలీ. ఈ హోలీ చెట్లలో ఆడది వేరు, మగది వేరు. పోతుతాడి కాయదని తెలిసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. మగ హోలీ ఎన్నేళ్ళు పెంచినా ఒక్క కాయ ఇవ్వదు. ఆడదానికి కూడా దగ్గర్లో మగ మొక్క లేకపోతే ఆకులే మిగులుతాయి. పేర్లు చూసి మాత్రం నమ్మకండి. 'గోల్డెన్ కింగ్' ఆడది. 'గోల్డెన్ క్వీన్' మగది, 'సిల్వర్ క్వీన్' కూడా మగదే. ఈ పేర్లు పెట్టిన పుణ్యాత్ములెవరో గానీ, క్వీన్‌ను కొనుక్కెళ్ళి "కాయలేవమ్మా?" అంటూ మళ్ళీ వచ్చేవాళ్ళు మాకు ప్రతి ఏడూ ఉంటారు.

రెండు చెట్లకు చోటు లేనివాళ్ళకు 'జె.సి. వాన్ టోల్' అనే రకం ఉంది. అది ఒంటరిగానే కాస్తుంది, ముళ్ళు కూడా తక్కువ. పక్కింటి పెరట్లో మగ హోలీ ఉన్నా మీ పని అయిపోతుంది, తేనెటీగలకు ప్రహరీలు అడ్డం కావు. మరీ గడ్డు చలి ఉన్న చోట మామూలు ఇంగ్లీష్ హోలీ కంటే 'బ్లూ ప్రిన్స్', 'బ్లూ ప్రిన్సెస్' జంట మేలు. న్యూయార్క్ రాష్ట్రంలో క్యాథ్లీన్ మెసర్వ్ అనే ఆవిడ ఇంగ్లీష్ హోలీని జపాన్‌లో పెరిగే, చలి బాగా ఓర్చే వేరే హోలీ జాతితో సంకరం చేసి తీసిన రకాలవి. వీటిలో ప్రిన్స్ మగదే, ప్రిన్సెస్ ఆడదే.

నన్నడిగితే అన్నిటికన్నా పండుగ కళ ఉన్నది వింటర్‌బెర్రీ. ఇదీ హోలీ జాతే, కానీ ఆకు మొత్తం రాల్చేస్తుంది. ఆకు పోయాక ఉత్త కొమ్మల నిండా ఎర్రటి కాయలు గుత్తులు గుత్తులుగా మిగులుతాయి. మంచు పడ్డ రోజున దాన్ని చూస్తూ రోడ్డు మీద కార్లు నెమ్మదిస్తాయి. తడి నేల కూడా దీనికి ఇష్టమే. ఇక్కడా పెళ్ళి కుదర్చాలి, పైగా ముహూర్తం కలవాలి: ఇద్దరూ ఒకే వారాల్లో పూయాలి. ముందుగా పూసే 'రెడ్ స్ప్రైట్'కు 'జిమ్ డాండీ' జోడీ. ఆలస్యంగా పూసే 'వింటర్ రెడ్'కు 'సదరన్ జెంటిల్‌మన్'. నాలుగైదు ఆడ మొక్కలకు ఒక మగ మొక్క సరిపోతుంది, దాన్ని వెనక మూలన ఎక్కడో పెట్టేయొచ్చు.

ఇంత తంటా ఎందుకు అనుకుంటే పైరకాంత కొనండి. ఆడా మగా గొడవ లేదు, గోడకు ఆనించి పెంచితే ఎరుపో నారింజో పసుపో కాయలతో గోడంతా కప్పేస్తుంది. ముళ్ళు మాత్రం మామూలువి కావు, నడిచే దారికి దూరంగా ఉంచండి.

ఇంగ్లీష్ హోలీ, పైరకాంత లాంటివి పాత కొమ్మ మీదే పూస్తాయి. చక్కగా గుండ్రంగా ఉండాలని ఏడాది పొడుగునా కత్తిరిస్తూ ఉంటే పువ్వూ పోతుంది, కాయా పోతుంది. ఇక పిట్టల సంగతి. పండుగ వారానికి మీ కాయలన్నీ వాటి పొట్టలో చేరొచ్చు. నేనైతే డిసెంబరు మొదట్లోనే రెండు మూడు రెమ్మలు కోసి, బయట చల్లటి చోట బకెట్ నీళ్ళలో ఉంచుతాను. చెట్టు మీదివి పిట్టలకు, రెమ్మలవి మనకు.

కొమ్మా బెరడూ

పండుగ రంగు అంటే కాయో పువ్వో అనుకుంటాం గానీ, చలికాలంలో అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచే రంగు కొమ్మలది. ఆకు రాలిన రోజు నుంచి మళ్ళీ చిగురు పెట్టేదాకా, దాదాపు నాలుగు నెలలు. నేను రంగు కొమ్మల పొదలైన డాగ్‌వుడ్‌ల పక్షం. కోర్నస్ ఆల్బా 'సైబిరికా' పగడపు ఎరుపు. 'ఫ్లావిరామియా' పసుపు కలిసిన ఆకుపచ్చ. 'మిడ్‌వింటర్ ఫైర్' కింద నారింజ, పైకి వెళ్ళేకొద్దీ ఎరుపు. ఒక్కటి పెడితే పుల్లల కట్టలా ఉంటుంది, మూడు కలిపి గుంపుగా పెట్టండి. వెనక ముదురాకుపచ్చగా ఏదైనా ఉంటే, అది హోలీయే కావచ్చు, ఎరుపు ఎగిసిపడుతుంది. చలికాలపు ఎండ ఏటవాలుగా వస్తుంది కదా, అది ఈ కొమ్మల మీద పడేచోట నాటడం మరచిపోవద్దు.

రంగంతా లేత కొమ్మదే. కొమ్మ ముదిరితే బూడిదరంగుకు తిరుగుతుంది. కాబట్టి నాటిన రెండో ఏడాది నుంచీ వసంతం మొదట్లో, చిగురు పెట్టకముందే, నేల నుంచి జానెడు కూడా మిగల్చకుండా నరికేయాలి. "ఇంత అందమైనదాన్ని నరకమంటావేంటి" అని బాధపడేవాళ్ళు ఉంటారు. 'మిడ్‌వింటర్ ఫైర్' మిగతా వాటంత దూకుడుగా పెరగదు గనుక దానికి మాత్రం మూడోవంతు కొమ్మలు తీస్తే చాలు.

చోటు బాగా ఉన్నవాళ్ళకు తెల్ల బెరడు బర్చ్, బెటులా యూటిలిస్ జాక్వెమోంటీ. హిమాలయాల చెట్టు. పాత గ్రంథాలు రాసిన భూర్జపత్రం ఈ బెటులా యూటిలిస్ బెరడే. చీకటి పడ్డాక చెట్టు మొదలు దగ్గర ఒక చిన్న దీపం పెడితే మానంతా వెలుగుతుంది, ఇంకే అలంకరణా అక్కర్లేదు. శరదృతువు చివర్లో మెత్తటి స్పాంజితో నీళ్ళు పెట్టి తుడిస్తే నాచు పోయి తెలుపు తేలుతుంది. ఊడుతున్న పొర ముచ్చటగా ఉంటుంది గానీ చేత్తో పీకకండి. ఇది 10 మీటర్లు దాటే చెట్టు, ఇంటి గోడకు ఆనుకుని నాటే రకం కాదు.

ఇప్పుడు పువ్వులు

విచ్ హేజెల్‌తో మొదలుపెడతాను. ఉత్త కొమ్మ మీద సన్నటి రిబ్బను ముక్కల్లాంటి రేకలు, మంచి వాసన. గడ్డకట్టే చలి వేస్తే రేకలు చుట్టుకుపోతాయి, ఎండ రాగానే విప్పుకుంటాయి. 'పల్లిడా' లేత పసుపు, 'జెలీనా' రాగి రంగు, 'డయాన్' ఎరుపు. ఎరుపు అందరూ అడుగుతారు కానీ దూరం నుంచి కనిపించేది పసుపే. కిటికీకి ఎదురుగా అయితే 'పల్లిడా' తీసుకోండి. ఇవి అంటు మొక్కలు. అంటు కింది నుంచి వచ్చే పిలకల్ని ఎప్పటికప్పుడు తీసేయకపోతే అసలు మొక్కను అవే మింగేస్తాయి.

గుమ్మం పక్కకు సార్కోకోకా. చూడ్డానికి మామూలు పచ్చపొద, పువ్వు కంటికి కూడా ఆనదు. కానీ నడి చలికాలంలో ఆ వాసనకు తలుపు తీయబోయే చెయ్యి ఆగుతుంది. నీడలోనూ బతుకుతుంది. ఎవరూ అడగరు, నేనే అంటగడుతుంటాను.

స్కిమ్మియా 'రూబెల్లా' చలికాలమంతా ముదురెరుపు మొగ్గలతో ఉంటుంది, అది మగది, కాయలు రావు. కాయలు కావాలంటే 'రీవెసియానా', అది ఒంటరిగానే కాస్తుంది. రెంటికీ నీడ, ఆమ్లనేల కావాలి. సున్నం ఎక్కువైన నేలలో, మండే ఎండలో ఆకులు పసుపెక్కుతాయి.

క్రిస్మస్ రోజ్ అని అమ్మే తెల్ల హెలెబోర్ గులాబీ జాతి కాదు. దుకాణంలో డిసెంబరుకే పూసి కనిపిస్తుంది గానీ తోటలో నాటాక చాలాచోట్ల జనవరి దాటితేనే పూస్తుంది. లోతుగా పాతకండి, ఊరికే చోటు మార్చకండి. సైక్లమెన్‌లో పెద్ద పువ్వులది కిటికీ లోపలి మొక్క. గడ్డు చలికి నిలిచేది సైక్లమెన్ కూమ్, అరచేతిలో పట్టేంత చిన్నది.

హెదర్‌లు, అంటే చిన్న చిన్న పువ్వుల పొట్టి పొదలు, కొనేటప్పుడు వాసన చూడండి, వేళ్ళతో రుద్దండి. నీలం, ఊదా, మెరుపు పొడి చల్లినవి వస్తున్నాయి, అది స్ప్రే రంగు. ఎరికా కార్నియా అనే హెదర్‌కు అలాంటి వేషాలు అవసరం లేదు. చలికాలంలోనే పూస్తుంది, చాలా హెదర్‌లకు పడని సున్నపు నేలను కూడా సహిస్తుంది.

ఒక కుండీ చాలు అనేవాళ్ళకు

40 సెంటీమీటర్ల వెడల్పు కుండీ. అడుగున పెద్ద రంధ్రం, కింద ఇటుక ముక్కలో కుండీ కాళ్ళో. నీళ్ళు నిలిచి గడ్డకడితే మట్టికుండీ పగులుతుంది, మంచుకు తట్టుకునేదని రాసి ఉన్నదే కొనండి. ఆమ్లగుణం ఉన్న పాటింగ్ మిశ్రమం నింపండి. మధ్యలో ఎత్తుకు చిన్న స్ప్రూస్, 'కోనికా' అనే పొట్టి రకం. దాని చుట్టూ స్కిమ్మియా ఒకటి, గాల్థీరియా రెండు, ఎరికా కార్నియా రెండు, అంచు మీంచి జారడానికి ఐవీ తీగ. గాల్థీరియా నేలబారు మొక్క, ఎర్రటి కాయలు, ఆకు నలిపితే అచ్చం నొప్పుల బామ్ వాసన. వింటర్‌గ్రీన్ తైలం మొక్క మరి. ఖాళీల్లో వయోలాలు గుచ్చండి. పాన్సీల పువ్వు పెద్దదే, కానీ వానకు ముద్దవుతుంది. వయోలా తేరుకుంటుంది.

చలికాలంలో మొక్క పెరగదు. అందుకే ఈ కుండీని ఇరికించి నాటాలి, "పెరిగి నిండుతుందిలే" అని వదిలిన ఖాళీ మార్చిదాకా ఖాళీగానే ఉంటుంది. నీళ్ళు మరవద్దు. ఆకు రాల్చని మొక్కలు చలిగాలిలో కూడా నీరు కోల్పోతూనే ఉంటాయి, మట్టి గడ్డకట్టాక వేర్లు తాగలేవు. చాలామంది చలికి చచ్చిపోయిందనుకునే మొక్క నిజానికి ఎండిపోయి ఉంటుంది. గడ్డకట్టే రాత్రులు రాబోతున్నాయంటే ముందు రోజు మధ్యాహ్నమే తడపండి. లైట్లు చుట్టేవాళ్ళు బయట వాడేందుకు చేసిన ఎల్ఈడీలు తీసుకోండి, వేడి తక్కువ.

బతికున్న క్రిస్మస్ చెట్టు కొనేవాళ్ళు ఒక ప్రశ్న అడగాలి: కుండీలోనే పెంచిందా, నేలలోంచి తవ్వి కుండీలో పెట్టిందా? తవ్విన చెట్టు వేర్లలో చాలా భాగం పొలంలోనే ఉండిపోతుంది, తర్వాత బతకడం కష్టం. ఏదైనా ఇంట్లో ఉంచేది పది రోజులకు మించనివ్వకండి, హీటరుకు దూరంగా పెట్టండి.

పిల్లలూ పెంపుడు జంతువులూ ఉన్న ఇంట్లో హోలీ కాయలు, ఐవీ, హెలెబోర్ అన్నీ తినకూడనివే. యూ (yew) అనే చెట్టు అయితే మరీ ప్రమాదం, గింజా ఆకూ విషమే. నండీనా అనే పొద కాయలు అతిగా తిని పిట్టలు చనిపోయిన ఘటనలు ఉన్నాయి, నేను దాన్ని సిఫారసు చేయను. ఇంగ్లీష్ హోలీ, ఐవీ అమెరికా వాయవ్య ప్రాంతంలో అడవుల్లోకి పాకిపోయాయి, అలాంటిచోట స్థానిక రకాలు అడగండి.

ఏది ఎప్పుడు కొనాలంటే: కాయల మొక్క కాయలతో ఉన్నప్పుడు, హెలెబోర్ పూసి ఉన్నప్పుడు, కళ్ళారా చూసి కొనాలి. డాగ్‌వుడ్ మాత్రం ఆకు రాలాక మట్టి లేకుండా ఉత్త వేర్లతో అమ్ముతారు, తక్కువకు వస్తుంది, మూడు ఒకేసారి తెచ్చుకోవచ్చు. తెచ్చిన ప్రతి మొక్క లేబుల్‌నూ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. లేబుల్ ఎలాగూ గాలికి పోతుంది. మార్చిలో కత్తెర పట్టుకుని మా దగ్గరికి వచ్చి "దీన్ని నరకాలా వద్దా" అని అడిగేటప్పుడు నాకు ఆ పేరు కావాలి.