పిట్టల కోసం ధవళేశ్వరం బ్యారేజీకి వెళ్తున్నారా, ముందు గేట్ల సంగతి కనుక్కోండి

రాజమండ్రి వచ్చిన చుట్టాలు భోజనాలు కాగానే "బ్యారేజీ చూపించవే" అంటారు. నీళ్లు చూస్తారా, పిట్టల్ని చూస్తారా అని నేను అడుగుతాను. ఆ రెండూ ఒకే రోజు దొరకవు మరి. మా నాన్న కాలవల మీద లస్కరు, అంటే గేట్లూ గట్లూ చూసుకునే మనిషి. పొద్దున్నే లేవగానే గేజీ (నీటిమట్టం) ఎంతుందని అడిగే ఇంట్లో పెరిగిన దాన్ని, కాబట్టి నా లెక్క గేట్ల దగ్గరే మొదలవుతుంది.

జులై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీళ్ల కాలం. ఇక్కడ గోదావరి నాలుగు పాయలు, వాటి మీద బ్యారేజీకి మొత్తం 175 గేట్లు. వరద ముదిరితే అన్నీ పైకి లేపేస్తారు. ధవళేశ్వరం దగ్గర మట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అప్పుడు చూడాల్సింది నీళ్లనే. అవీ గట్టు మీద నుంచే. పోలీసులు వెనక్కి వెళ్లమంటే వాదన పెట్టుకోకండి. ఆ రోజుల్లో పిట్టల కోసం వచ్చి ఉపయోగం లేదు, అవి కూర్చునే రాళ్లన్నీ నీళ్ల కిందే ఉంటాయి. పులసల కాలం కూడా అదే. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు గానీ, పుస్తెలు పెట్టే ముందు అది ఏటికి ఎదురీదిన పులసో, సముద్రంలో పట్టిన ఇలసో చెప్పగల మనిషిని వెంట తీసుకెళ్లండి.

నడకకైనా పిట్టలకైనా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. గేట్లు దించి ఉంటాయి, పైన నీరు నిండుగా నిలబడుతుంది. దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పడే రోజుల్లో గోదావరి సన్నగిల్లితే పైనున్న సీలేరు జలాశయాల నీళ్లు వదిలించుకుని కాలవలకి అందిస్తారు. గేటు సందుల్లోంచి ఊరే నీటితో కింద చిన్న చిన్న మడుగులు కడతాయి. పిట్టలు చేరేది ఆ మడుగుల దగ్గరికే.

రాజమండ్రి ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర బస్సో షేర్ ఆటోనో పట్టుకుని తెల్లారేసరికి ధవళేశ్వరంలో దిగండి. అక్కణ్ణించి బ్యారేజీ మీద పడమరగా, ఏటి మధ్యనున్న పిచ్చుకలంక వైపు నడవాలి. అలా వెళ్తే ఎండ వీపు మీద పడుతుంది, పిట్ట రంగు తెలుస్తుంది. సాయంత్రం అదే దారిలో వెళ్తే కళ్లలోకి సూర్యుడే, అన్నీ నల్లగా కనిపిస్తాయి. ఇది బస్సులు, లారీలు తిరిగే రోడ్డు, పైగా ఇరుకు. ఒక వారగా, ఒకరి వెనక ఒకరు నడవండి. స్టాండు కెమెరాలు ఇంట్లో పెట్టి రండి, 8×42 బైనాక్యులర్ చాలు. పిల్లలుంటే గేట్లు లెక్కపెట్టమనండి. ధవళేశ్వరం పాయ మీద 70 ఉన్నాయి, కాసేపు కుదురుగా నడుస్తారు.

కుడిచేతి వైపు నిండు నీరు, ఎడమచేతి వైపు రాళ్లు, ఇసుక తిప్పలు. అందరూ కుడివైపు తిరిగి ఫోటోలు దిగుతారు. మీరు ఎడమవైపు చూడండి. ఊట నీటి పక్కన గుడ్డికొంగ ఉందో లేదో తెలియదు. మట్టిరంగులో కలిసిపోయి కూర్చుంటుంది, లేచి రెక్క విప్పితే మాత్రం తెల్లగా మెరిసి దొరికిపోతుంది. నీటికాకులు రాళ్ల మీద రెక్కలు ఆరబెట్టుకుంటూ ఉంటాయి. నలుపు తెలుపు లకుముకి కనిపిస్తే ఇంక కదలకండి. నీటికి పైన గాలిలో ఒక్కచోటే రెక్కలాడిస్తూ ముక్కు కిందికి వంచి ఆగుతుంది. కాస్త దిగి మళ్లీ ఆగుతుంది. ఇంతలో రాయి పడ్డట్టు నీళ్లలో పడుతుంది. చేప దొరికితే రాతి మీదికి తీసుకెళ్లి, అటూ ఇటూ కొట్టి, తల ముందు వచ్చేలా తిప్పుకుని మింగుతుంది. తోక ముందు పోతే రెక్కముళ్లు గొంతులో అడ్డం పడతాయి కదా.

మార్చి దాటితే ఇసుక తిప్పల మీదికి దిగకండి. పసుపు ముక్కు, నల్ల నెత్తి, చీలిన తోకతో నీటి మీద ఎగిరే పిట్ట ఒకటుంది, రివర్ టెర్న్ అంటారు. అది గూడు కట్టదు. ఇలాంటి తిప్పల మీదే ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. మచ్చల గుడ్లు, కాలి కింద పడేదాకా కనిపించవు. మనుషుల్ని చూసి తల్లి లేచిపోతే ఆ ఎండకి గుడ్లు ఉడికిపోతాయి, లేదా కాకులు ఎత్తుకుపోతాయి. ఇసుక కోసం వచ్చే ట్రాక్టర్లకి ఇది ఎవరు చెబుతారో గానీ, మనవరకు మనం గట్టు మీదే ఉందాం. కిందికి దిగకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన ఎక్కడో కురిసిన వానకి గేటు లేపొచ్చు. గేట్ల కింద స్నానాలు, ఈతలు అసలు వద్దు.

వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు బ్యారేజీ వదిలేసి కాలవ గట్టు పట్టుకోండి. మరమ్మతుల కోసం నీరు ఆపితే అడుగున బురద గుంటలు మిగులుతాయి, చేపలన్నీ వాటిలో చిక్కుకుంటాయి. తెల్లకొంగలకి, నత్తల్ని ఏరుకు తినే పెద్ద కొంగలకి అది పెళ్లి భోజనం. నీరు మళ్లీ జూన్‌లో వదులుతారు. ఈ సంగతి ఊళ్లో వాళ్లకి కూడా పెద్దగా పట్టదు.

తిండి విషయానికొస్తే, కార్తీకంలో వనభోజనాలకి లంక తోటలు బావుంటాయి. ముందు తోట రైతుని అడగండి, వద్దనేవాళ్లు తక్కువ. పులిహోర, పెరుగన్నం, అరిటాకులు పట్టుకెళ్తే కడిగే పని ఉండదు. థర్మాకోల్ పళ్లేలు మాత్రం వద్దు, గాలికి నేరుగా ఏట్లో పడతాయి. మిగిలిన అన్నం ఒడ్డున పారబోయకండి. దానికి కుక్కలు అలవాటు పడితే మార్చిలో గుడ్ల మీద పడతాయి.

ఎండెక్కితే, ఇక్కడ పాత ఆనకట్ట కట్టించిన ఇంజనీరు కాటన్ దొర పేరిటి మ్యూజియంలోకి వెళ్లండి. 1847లో మొదలుపెట్టి 1852కి ఆ ఆనకట్ట పూర్తి చేసిన రోజులనాటి యంత్రాలు అక్కడ ఉన్నాయి. ఇప్పుడు మీరు నడిచిన బ్యారేజీ దాని స్థానంలో 1982 నాటికి పూర్తయింది. ఓపికుంటే జనార్దనస్వామి కొండ ఎక్కండి, ఏరు ఎంత వెడల్పో పైనుంచి తెలుస్తుంది.

తిరుగు ప్రయాణంలో తొందర లేకపోతే పిచ్చుకలంక అవతలి ర్యాలి పాయ దాటి బొబ్బర్లంక దాకా వెళ్లండి. కోనసీమ కాలవలకి నీరు అక్కణ్ణించే. కాలవ వెంబడే వెళ్తే ఆత్రేయపురం వస్తుంది. పూతరేకులు అట్టపెట్టెలో సిద్ధంగా ఉన్నవి కాకుండా, మీ ఎదురుగా చుట్టిచ్చేవి తీసుకోండి. బెల్లంవి అడగండి. బస్సులో పెట్టె ఒళ్లో పెట్టుకోండి, సంచి అడుగున పెడితే ఇంటికొచ్చేసరికి పొడే మిగులుతుంది.