అమెరికాలో కట్టుబడి పనులు పెరుగుతాయా తగ్గుతాయా, ఇక్కడినుంచే ఎట్లా పసిగట్టాలి?

మా వాడపల్లి వైపు సిమెంట్ ఫ్యాక్టరీల్లో పనిచేసినోళ్లకి మార్కెట్ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, గేటు బయట లారీల వరుస చూస్తే తెలిసిపోతుంది. మా మేనల్లుడు కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్‌లో ఎం.ఎస్.కి అమెరికా పోతానని, "మామా, రెండేళ్ల తర్వాత అక్కడ పనులుంటాయా?" అని అడిగితే, గేటు అంత దూరాన ఉన్నప్పుడు ఏం చూడాలో వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ముందు పర్మిట్లు. అక్కడి సెన్సస్ బ్యూరో ప్రతి నెలా ఎన్ని ఇళ్లకు పర్మిట్లు వచ్చాయి, ఎన్ని మొదలయ్యాయి అని లెక్క ఇస్తుంది. అయితే అది ఆ నెలలో కట్టినవి కాదు, అదే జోరు ఏడాదంతా సాగితే ఎన్నవుతాయో, అదీ సీజన్ ప్రభావం తీసేసి చెప్పే అంకె. 2006 జనవరిలో మొదలైన ఇళ్ల అంకె 22 లక్షలు దాటింది, 2009 ఏప్రిల్‌కి 5 లక్షల లోపుకి పడింది. దీని పక్కనే 30 ఏళ్ల హోమ్ లోన్ వడ్డీ పెట్టుకుని చూడండి: 2021 జనవరిలో ఒక వారం సగటు 2.65 శాతం, 2023 అక్టోబర్‌లో ఒక వారం సగటు 7.79. అంత వడ్డీకి కొత్తగా కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు, తక్కువ వడ్డీకి పాత లోన్ ఉన్నోళ్లు ఇల్లు వదలరు.

ఆఫీసులు, గోడౌన్ల సంగతికి ఆర్కిటెక్టుల సంఘం ఇచ్చే బిల్లింగ్స్ ఇండెక్స్ చూడాలి. 50 పైన ఉంటే డ్రాయింగ్ పని పెరుగుతున్నట్టు, అది సైటు మీద కనపడటానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది.

రోడ్లది వేరే కథ, అక్కడ సర్కారు డబ్బు. 2021 నవంబర్‌లో వచ్చిన మౌలిక వసతుల చట్టంలో 1.2 లక్షల కోట్ల డాలర్లు, అందులో కొత్తది 55 వేల కోట్లే, రోడ్ల పద్దు గడువేమో 2026 సెప్టెంబర్ 30. గడువు అయిపోగానే పనులు ఆగవు లెండి. మన పాలమూరు-రంగారెడ్డికి 2015లో శంకుస్థాపన అయితే మొదటి పంపు తిరిగింది 2023లో, మంజూరుకీ పనికీ మధ్య దూరం ఎక్కడైనా అంతే.

అందరూ పప్పులో కాలేసేది కట్టుబడికి ఎన్ని డాలర్లు ఖర్చయ్యాయనే లెక్క దగ్గర. 2025 జూన్‌లో దిగుమతి స్టీలు మీద సుంకం 50 శాతం చేశారు, అట్లా ధర పెరిగినా ఖర్చు లెక్క పెరిగినట్టే కనిపిస్తుంది. డేటా సెంటర్లూ అంతే, అందులో కరెంటు సామాను, చల్లబరిచే మెషిన్ల వాటా పెద్దది, అదే డబ్బు రోడ్డు మీద పెడితే ఎంత కంకర పడుతుందో. అందుకే నేను టన్నులే నమ్ముతా. వల్కన్ మెటీరియల్స్, మార్టిన్ మారియెట్టా లాంటి కంకర కంపెనీలు మూడు నెలలకోసారి ఎన్ని టన్నులు పంపాయో చెబుతాయి (వాళ్ల టన్ను 907 కిలోలే, మన లెక్కతో కలపొద్దు).

ఇంకోటి, కంకర దూరం పోదు, లారీ కిరాయి సరుకు ధరని మింగేస్తుంది. కాబట్టి అమెరికా మొత్తం కాదు, వాడు చేరబోయే రాష్ట్రం చూడాలి. సెన్సస్ బ్యూరో నెలనెలా ఇచ్చే రాష్ట్రాల పర్మిట్లలో సీజన్ సర్దుబాటు ఉండదు, జనవరిని డిసెంబర్‌తో కాకుండా పోయిన జనవరితోనే పోల్చమన్నా. ఫీజు కట్టేలోపు మూడు నెలలవి రాసి పంపమన్నా, ఇప్పటికి ఒకటే వచ్చింది.